సముద్రం దాకా అనుకున్నాం

అక్టోబర్ 8, మంగళవారం. లాడ్జి.

రోజంతా ఎదురుగాలి. సైకిళ్ళు తొక్కుతున్నామా, ఉన్నచోటే ఉన్నామా అని అనుమానం వచ్చేంత. లాడ్జికి చేరేసరికి ఎవరికీ మాట్లాడే ఓపిక లేదు. మా గుంపు కెప్టెన్ మాత్రం మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ, కొండల కింద బయల్దేరిన ఆరుగురం ఆరుగురమూ ఇంకా సీట్ల మీదే ఉన్నాం, ఇదేమీ చిన్న విషయం కాదర్రా అంది. ఆవిడ స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. మెడలో విజిల్ ఇప్పటికీ తియ్యదు.

ఎల్లుండి సముద్రం.

మా ఇద్దరికీ ఇక్కడ కొత్తజంట అని పేరు. పెట్టింది కవలలు. వాళ్ళు యాభై దాటిన అన్నదమ్ములు. ఇద్దరికీ కలిపి ఒకటే ప్రింటింగ్ ప్రెస్సు, ఒకటే రకం బట్టతల, లేచిన దగ్గర్నుంచి ఒకటే పోట్లాట. ట్యూబు ఎవరు మార్చాలి, చివరి అరటిపండు ఎవరు తిన్నారు. మేమిద్దరం ఇన్ని రోజుల్లో ఒక్కసారైనా గొంతు పెంచలేదని వాళ్ళకి ఆశ్చర్యం. పదిహేనేళ్ళ కాపురం తర్వాత కూడా ఇలా ఎలా ఉంటారమ్మా, ఆ కిటుకేదో మాకూ చెప్పకూడదా అని ఇవాళ సూప్ తాగుతూ అడిగారు. ఆయన నవ్వాడు. నేను బ్రెడ్డు తుంచుకున్నాను.

కిటుకు ఏమిటంటే, మేం విడిపోతున్నాం.

ఎండాకాలంలో ఒక ఆదివారం ఆయన బాల్కనీలో కూర్చుని చైనుకి నూనె వేస్తున్నాడు. నేను గుమ్మంలో కూర్చుని కాలిగోళ్ళు తీసుకుంటున్నాను. నాకు ఒక్కణ్ణే ఉండాలనుంది అన్నాడు. ఎక్కడికైనా వెళ్ళొస్తావా అన్నాను. అలా కాదు, వేరే ఉండాలనుంది అన్నాడు. ఎవరైనా ఉన్నారా అని అడిగాను. లేరన్నాడు. నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. సరే అన్నాను. అని, రెండో కాలి గోళ్ళు కూడా తీసుకున్నాను.

అప్పటికే ఈ ట్రిప్‌కి ఇద్దరం పేర్లిచ్చి ఉన్నాం. మానేద్దామని ఎవరమూ అనలేదు. సముద్రం దాకా కలిసి వెళ్దాం, అక్కణ్ణుంచి ఎవరి దారి వాళ్ళది అనుకున్నాం. ఆయనది లిఫ్టులు రిపేరు చేసే పని. కంపెనీ వాళ్ళని అడిగి వేరే ఊరి బ్రాంచికి మార్పించుకున్నాడు. గది చూసుకున్నాడు. సగం సామాను అట్టపెట్టెల్లో సర్ది, ముందుగదిలో వరసగా పెట్టి మరీ బయల్దేరాడు.

మా అక్కకి తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ళమ్మకి ట్రిప్ అయ్యాక తనే చెప్తానన్నాడు.

డైరీలో మా ఆయన అని రాయాలా వద్దా అని మొదటిరోజు చాలాసేపు ఆలోచించాను. ‘మా’ తీసేస్తే సరిపోయింది.


అక్టోబర్ 9, బుధవారం. ఆసుపత్రి వరండా.

ఆయన పడ్డాడు.

పొద్దున వాన వెలిసింది. వంతెన తర్వాత దిగుడు, రోడ్డంతా తడి ఆకులు. ఆయన ముందు, నేను వెనక. మలుపులో ముందు చక్రం జారింది. భుజం మీద పడ్డాడు. విరిగిన చప్పుడు నాకు వినపడింది. నేను బ్రేకు వేసి దిగి, సైకిల్ని రెయిలింగుకి ఆనించి, పడిపోకుండా ఉందని చూసుకుని అప్పుడు ఆయన దగ్గరికి వెళ్ళాను.

వెళ్తుంటే వచ్చిన ఆలోచన ఇది: ఇప్పుడా పెట్టెలు ఎవరు మోస్తారు.

మాతో ఒక నర్సు ఉంది, పెద్దాసుపత్రిలో పిల్లల వార్డులో పనిచేస్తుంది. తన స్కార్ఫుతోనే ఆయన చేతిని మెడకి కట్టేసింది. కడుతూ కడుతూ నావైపు చూసి, నీకేం తగల్లేదు కదా అంది. లేదన్నాను. మా సామాను మోసుకుంటూ వెనకొచ్చే వ్యాన్ వచ్చాక మళ్ళీ అదే అడిగింది.

డాక్టరు ఎక్స్‌రే లైటుకి పట్టి చూస్తూ, మీరు ఈయనకేమవుతారు అని అడిగాడు. భార్యని అన్నాను. అబద్ధమేమీ కాదు. కుడివైపు కాలర్ బోన్ రెండు ముక్కలైంది. ఆపరేషన్ అక్కర్లేదట. ఆరు వారాలు చెయ్యి మెడకి వేలాడదీసుకునే ఉండాలి. బరువులెత్తడం ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు కుదరదు. ఏ బరువూనా అని అడిగాను. ఏ బరువూ అన్నాడు.

నేనిక వ్యాన్‌లో ఆయన పక్కన కూర్చుని వస్తాననే అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. కెప్టెన్ నా భుజం మీద చెయ్యేసి, వచ్చినంతవరకూ వచ్చినట్టేనమ్మా, ఎవరూ ఏమీ అనుకోరు అంది. అప్పుడు మంచం మీంచి ఆయన అన్నాడు, నువ్వు తొక్కు, సముద్రం దాకా అనుకున్నాం కదా అని.

పెద్ద కవల గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.


అక్టోబర్ 10, గురువారం. మధ్యాహ్నం.

చేరాం.


అదే రోజు, సాయంత్రం.

చివరి రోడ్డంతా చదును. గోడౌన్లు, టైర్ల షాపులు, సిమెంటు లారీలు. సముద్రం కంటే ముందు రేవులో క్రేన్లు కనిపించాయి. కెప్టెన్ విజిల్ ఊదింది. అందరూ అరిచారు. నర్సు ఇసకలో సైకిల్ పడేసి దాని పక్కనే కూలబడింది. కవలలు కావిలించుకుని ఏడ్చారు, ఏడుపు ఆగగానే ఎవరు ముందొచ్చారని మొదలుపెట్టారు.

నాకూ ఏడుపో సంతోషమో వస్తుందని ఎదురుచూస్తూ నిలబడ్డాను. తుమ్ము వచ్చినట్టే వచ్చి వెనక్కి పోతుందే, అలా ఉంది. ముక్కు పైకెత్తి నిలబడ్డట్టు నిలబడ్డాను కాసేపు. రాలేదు.

చేరాక ముందు చక్రం సముద్రంలో తడపాలట, సైకిళ్ళవాళ్ళ పద్ధతి. తడిపాం. ఆయన వ్యాన్‌లో ముందే వచ్చి చెప్పులు లేకుండా ఒడ్డున నిలబడి ఉన్నాడు. కవలలు ఆయన సైకిల్ ముందు చక్రం ఊడదీసి తెచ్చి, ఇద్దరూ పట్టుకోండి అన్నారు. ఆయన ఎడమచేత్తో ఒకవైపు, నేనొకవైపు. అల వచ్చి నా సాక్సులు తడిశాయి. ఫోటో తీశారు. బాలేదని ఇంకోటి తీశారు.

కెప్టెన్ అందరికీ మెడల్స్ వేసింది. పూర్తి చెయ్యకపోయినా ఆయనకీ వేసింది. వేసి, మనుషులు ఒకరికొకరు ఎలా ఉండాలో ఈ ఇద్దర్నీ చూసి నేర్చుకోవాలి అంది. చప్పట్లు కొట్టారు. ఆయన నావైపు చూశాడు, నువ్వే ఏదో ఒకటి చెప్పు అన్నట్టు. థాంక్యూ అన్నాను.

హెల్మెట్ బకిల్ రాలేదు. చిటికెన వేలు, ఉంగరపు వేలు, రెండు చేతులవీ మొద్దుబారి ఉన్నాయి. నొక్కితే తెలియట్లేదు. ఇన్ని రోజులు హ్యాండిల్ మీద బరువు వేసి తొక్కితే అరచేతిలో నరం నలుగుతుందట. కొన్ని వారాల్లో తగ్గిపోతుందంది నర్సు. బకిల్ తనే తీసింది.

బంగారంలాంటి మనిషి. చెప్పేద్దామనిపించింది. చెప్పలేదు.


అక్టోబర్ 13, ఆదివారం.

ఇంట్లో ఉన్నాం. పెట్టెలు ముందుగదిలో అలాగే ఉన్నాయి. ఆయన వాటిని చూసి, సారీ అన్నాడు. దేనికని నేనడగలేదు.

ఆయన చొక్కాలన్నీ పెట్టెల అడుగున ఉన్నాయి. ఒకటి విప్పి నాలుగు పైకి తీశాను. టీషర్టు తొడుక్కోలేడు, చెయ్యి పైకి లేవదు. చొక్కాకి బొత్తాలు పెట్టుకోలేడు. నేను పెడుతున్నాను. నా వేళ్ళకి బొత్తాం అందడం లేదు, బొటనవేలూ చూపుడువేలుతో తంటాలు పడుతున్నాను. ఆయన అంతసేపూ పైకప్పు చూస్తూ నిలబడతాడు, మంగలి దగ్గర పిల్లాడిలా.

కంపెనీ వాళ్ళు నెలాఖరు కాదు, పై నెలాఖరు దాకా ఆగుతామన్నారట.


అక్టోబర్ 14, సోమవారం.

ల్యాబ్‌కి వెళ్ళాను. మాది కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు, మేం పళ్ళసెట్లు చేసి పంపుతాం. అరల నిండా ప్లాస్టర్ దవడలు ఉంటాయి. కొత్తవాళ్ళు చూస్తే ఉలిక్కిపడతారు. నాకు ఈ ఊళ్ళో మొహాలకంటే నోళ్ళే బాగా తెలుసు.

ఎలా జరిగింది ట్రిప్ అని అందరూ అడిగారు. బాగా జరిగింది అన్నాను.

మైనంలో పళ్ళు పేర్చుతుంటే ఒక దవడపన్ను తిరగేసి పెట్టాను. నాకు తెలియలేదు. ఓనర్ చూశాడు. తిట్టలేదు. వేళ్ళు బాగయ్యేదాకా నువ్వు ప్లాస్టర్ కలుపు చాలు అన్నాడు. ఈ ల్యాబ్‌లో చేరిన కొత్తలో చేసిన పని. సాయంత్రం దాకా ప్లాస్టర్ కలిపాను.


అక్టోబర్ 19, శనివారం.

ఆయనకి తలంటాను. బాత్రూంలో స్టూలు వేసి కూర్చోబెట్టి. షాంపూ కళ్ళలోకి పోయి మూలిగాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ఆయన తల అంటలేదు. నడినెత్తిన జుట్టు పల్చబడింది. ఆయనకి తెలుసో లేదో.

నీళ్ళు చాలా అని అడిగాను. చాలు అన్నాడు. మాట్లాడుకున్నది అంతే.


అక్టోబర్ 23, బుధవారం.

కెప్టెన్ ఫోటో పంపింది. చక్రం పట్టుకుని ఇద్దరం. చక్కగా ఉన్నాం.


అక్టోబర్ 26, శనివారం.

అత్తగారు వచ్చారు. కొడుకు పడ్డాడని ఆలస్యంగా చెప్పినందుకు ఇద్దరికీ చీవాట్లు. బస్సు దిగి సంచీ కింద పెట్టకుండానే. తర్వాత ఆయన చెయ్యి చూసి, నా చెయ్యి పట్టుకుని, నువ్వుండబట్టి సరిపోయిందమ్మా, లేకపోతే వీడి గతేం కాను అన్నారు.

ఈ పెట్టెలేమిటి అని అడిగారు. పాత సామానమ్మా అన్నాడు ఆయన. పారేయకుండా ఇక్కడెందుకు, కాళ్ళకడ్డం అన్నారు.

ఇప్పుడు చెప్తాడేమో అనుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. వినపడింది టీవీ చప్పుడే.


అక్టోబర్ 29, మంగళవారం.

నేనే చెప్పేశాను. చెప్పాలనుకోలేదు. పొద్దున ల్యాబ్‌కి వెళ్ళేముందు వంటింటి బల్ల దగ్గర ఇద్దరం బఠాణీలు ఒలుస్తున్నాం. ఆయన పక్కగదిలో నిద్రపోతున్నాడు. అత్తగారు, చెయ్యి తగ్గాక ఇద్దరూ కొన్నాళ్ళు నా దగ్గరికి వచ్చి ఉండండి, మీ సైకిళ్ళు కూడా తెచ్చుకోండి అన్నారు. నోటిదాకా వచ్చిన సరే ఆగిపోయింది. చెయ్యి తగ్గాక ఆయన వేరే వెళ్ళిపోతున్నాడత్తయ్యా, ఎండాకాలంలోనే అనుకున్నాం అన్నాను.

ఆవిడ చేతిలో కాయ ఒలవడం పూర్తి చేశారు. గింజలు గిన్నెలో వేశారు. ఎవరనుకున్నారు అని అడిగారు. ఆయన అన్నాడు, నేను సరే అన్నాను అని చెప్పాను.

ఇంకో కాయ తీసుకున్నారు. తర్వాత, మరి వాడి చొక్కాకి బొత్తాలెందుకు పెడుతున్నావు అన్నారు.

ఒంటిచేత్తో పెట్టుకోలేడు కదత్తయ్యా అన్నాను.

నా వేళ్ళకేసి చూశారు. ఆ చిటికెన వేళ్ళు పనిచేయట్లేదని నాకెందుకు చెప్పలేదు అన్నారు. మీరెలా చూశారు అన్నాను. ఒలిచిన ప్రతి మూడోగింజా కింద పడేస్తున్నావు, చూడక ఏం చేస్తాను అన్నారు. రేపట్నుంచి బొత్తాలు నేను పెడతాను, నువ్వు నీ పని చూసుకో.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆవిడ గొంతు మెల్లగా, ఆయన గొంతు ఇంకా మెల్లగా. ఆయన ఏడుస్తున్నాడని అర్థమైంది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాను. గిన్నెలేమీ లేవు కడగడానికి. నీళ్ళు పోతున్నాయి కదా అని కట్టేశాను.


నవంబర్ 9, శనివారం.

అత్తగారు వెళ్ళిపోయారు. బస్టాండుకి నేనే వెళ్ళాను. ఇన్నేళ్ళూ ఆదివారం ఆదివారం నీకే ఫోన్ చేస్తూ వచ్చాను, వాడెప్పుడూ రెండు ముక్కలే మాట్లాడతాడు, ఇకమీదట ఎవరికి చెయ్యను అన్నారు. నాకే చెయ్యండి అన్నాను. తల ఊపారు. బస్సు కదిలాక కిటికీలోంచి ఇంకేదో అన్నారు. ఇంజిను చప్పుడులో వినపడలేదు. వినపడినట్టు నేనూ తల ఊపాను.


నవంబర్ 15, శుక్రవారం.

ఓనర్ మళ్ళీ మైనం పని ఇచ్చాడు. కుడిచేతి వేళ్ళకి స్పర్శ వచ్చింది. ఎడమవి ఇంకా.


నవంబర్ 20, బుధవారం.

డాక్టరు కట్టు తీసేశాడు. ఎముక అతుక్కుంది. ఆయన భుజం సన్నబడిపోయి వేరే ఎవరిదో తెచ్చి పెట్టినట్టుంది. వస్తూ దారిలో కాఫీ తాగాం. కప్పు ఆయనే మోసుకొచ్చాడు. రెండు కప్పులూ.


నవంబర్ 23, శనివారం.

రాయాలి. జరిగింది జరిగినట్టు.

పొద్దున ఆయన బట్టలు ఆయనే తొడుక్కుని వచ్చాడు. నేను టేబుల్ దగ్గర గుడ్డు తింటున్నాను. ఎదురుగా కూర్చున్నాడు. ఉప్పుడబ్బా అటూ ఇటూ జరిపాడు. తర్వాత, ఉండిపోనా అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఎక్కడ అన్నాను. ఇక్కడే అన్నాడు.

భుజం నొప్పిగా ఉందా అని అడిగాను. అది కాదన్నాడు. ఈ ఆరు వారాలూ బాగానే ఉంది కదా అన్నాడు. నువ్వు నన్ను ఒక్క మాట అనకుండా చూసుకున్నావు, నేనే ఏదో తొందరపడ్డానేమో అన్నాడు. అమ్మ కూడా బాధపడుతోంది అన్నాడు. కంపెనీకి ఫోన్ చేసి ఇక్కడే ఉంటానంటే వాళ్ళు కాదనరు అన్నాడు. పాపం, అన్నీ ఆలోచించుకునే వచ్చాడు.

సరే అనడం నాకు చాలా తేలిక. పదిహేనేళ్ళుగా అంటున్నాను. సెలవులకి ఎటు వెళ్దామంటే సరే. సైకిళ్ళు కొందామంటే సరే. వెళ్ళిపోతానంటే సరే. ఇప్పుడు ఉండిపోతానన్నా అదే మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. భయమేసింది. ఇన్ని నెలల్లో నాకు దేనికైనా భయమేయడం ఇదే మొదలు.

వద్దు అన్నాను.

గట్టిగా ఏమీ అనలేదు. అయినా గదంతా వినపడినట్టైంది. ఆయన ఎందుకు అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. నీకు ఒక్కడివే ఉండాలనుందన్నావు కదా, అప్పుడు నువ్వు నిజమే చెప్పావు అన్నాను. ఇప్పుడు చెప్పేది నిజం కాదా అన్నాడు. ఇప్పుడు నీకు చెయ్యి విరిగింది, నేను బొత్తాలు పెట్టాను, అది వేరు అన్నాను. ఇంకా ఏదో ఉంది చెప్పడానికి. నాకూ ఉంది అన్నాను. ఏముంది అన్నాడు. ఒక్కదాన్నే ఉండాలని అన్నాను. అనేదాకా నాకే తెలియదు.

ఆయన ఉప్పుడబ్బా నా ముందుకి జరిపాడు. సరే అన్నాడు.

గుడ్డు పూర్తిగా తిన్నాను. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. సబ్బు రెండుసార్లు జారింది. ఆయనకి తలంటిన స్టూలు మీద కాసేపు కూర్చున్నాను.


నవంబర్ 30, శనివారం.

బరువులెత్తకూడదు కాబట్టి పెట్టెలు మొయ్యడానికి ఆయన కవలలకి ఫోన్ చేశాడట. నాకు చెప్పలేదు. తలుపు తీస్తే ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు, ప్రెస్సు వ్యాను కింద పెట్టి. ఫోన్‌లో ఏం చెప్పాడో, వాళ్ళ మొహాలు చూస్తే అన్నీ తెలిసే వచ్చారని తెలిసింది.

నేనెరిగినంతలో మొదటిసారి వాళ్ళిద్దరూ పోట్లాడుకోకుండా పనిచేశారు. మెట్ల మలుపులో పెట్టె ఇరుక్కుంటే కూడా, నువ్వెత్తు, నేను దించుతాను, అంతే. మూతలు ఊడకుండా వాళ్ళే టేపు తెచ్చుకున్నారు. ముందుగది ఖాళీ అయ్యాక పెద్దాయన చెప్పులు వేసుకుంటూ ఆగి, మేం మిమ్మల్ని అక్కడ ఊరికే కొత్తజంట కొత్తజంట అని, అన్నాడు. అక్కడితో ఆపేశాడు. పర్లేదన్నయ్యా అన్నాను. చిన్నాయన చేతిలో టేపుచుట్ట నాకిచ్చేసి మెట్లు దిగాడు. ఎందుకిచ్చాడో తెలియదు.

ఆయన చివర్న వచ్చాడు. తాళంచెవి టేబుల్ మీద పెట్టాడు. వెళ్తున్నాను అన్నాడు. భుజం జాగ్రత్త అన్నాను. కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. వ్యాను స్టార్టవడానికి రెండుసార్లు మొరాయించి మూడోసారి అందుకుంది.

పెట్టెలున్నచోట నేల మీద దుమ్ము లేని చతురస్రాలు ఉన్నాయి. తుడిచాను.


డిసెంబర్ 1, ఆదివారం.

అత్తగారు ఫోన్ చేశారు. వాళ్ళ పక్కింటివాళ్ళ కుళాయి గొడవ మొత్తం చెప్పారు. ఆయన మాట ఎత్తలేదు. పెట్టేసే ముందు, తిన్నావా అన్నారు. తిన్నానన్నాను. అబద్ధం. ఫోన్ పెట్టేసి అన్నం వండుకున్నాను.


డిసెంబర్ 4, బుధవారం.

కెప్టెన్ ఫోన్. చలి తగ్గాక ఈసారి నది వెంబడి వెళ్దాం, మీ ఇద్దరి పేర్లూ రాసేసుకున్నాను అంది. ఆవిడకింకా ఎవరూ చెప్పలేదన్నమాట. కవలలు నోరు మెదపకుండా ఉన్నారంటే ఆశ్చర్యమే.

ఒక్క పేరు కొట్టెయ్యండి, నేను ఒక్కదాన్నే వస్తాను, మేం విడిపోయాం అన్నాను.

సముద్రం దగ్గర తను అన్న మాటలు గుర్తొచ్చి ఉంటాయి. లైను కట్టయిందేమో అనుకున్నాను. అప్పుడు గొంతు సవరించుకుని, టీషర్టు సైజు మీడియమే కదా నీది అంది. మీడియమే అన్నాను. రాసుకున్నాను అంది.

ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. ఎందుకో, మీడియం అన్న మాట దగ్గర.


డిసెంబర్ 8, ఆదివారం. పొద్దున.

సైకిల్ తీశాను. రైల్వే గేటు దాటాక రోడ్డు మధ్యలో పెద్ద గుంత. ఎడమచెయ్యి కిందికి దించి వేలితో చూపించాను, గుంపులో తొక్కేటప్పుడు వెనకవాళ్ళకి చూపిస్తాం, అలా. చూపించాక గుర్తొచ్చింది, వెనక ఎవరూ లేరని.

చూశానమ్మా అని వినపడింది.

తిరిగి చూస్తే ఎవరో పెద్దాయన. పాత సైకిలు, హ్యాండిల్‌కి పాలక్యాను. గుంత తప్పించుకుని వస్తున్నారు. వంతెన దాకా నా వెనకే వచ్చారు. అక్కడ ఆయన ఎడమకి తిరిగిపోయారు. నేను నేరుగా వెళ్ళాను.